ఐదు ఖాళీ గీతలు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో ఒత్తులు జారిపోతుంటాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. యాభై దాటాక అక్షరాలు పట్టుకున్న చెయ్యి ఇది. ఒక పేజీకి నాకు ఒక పూట పడుతుంది, మధ్యలో రెండుసార్లు పొయ్యి దగ్గరికి వెళ్ళి రావాలి. ఇంకో సంగతి. 'నేను' అని మొదలుపెడితే ఈ కథ ముందుకి కదలడం లేదు. నాలుగుసార్లు చూశాను. అందుకని 'ఆమె' అని రాస్తున్నాను. అలా అయితే కొంచెం దూరంగా నిలబడి చూడొచ్చు.

ఏడాదికి రెండుసార్లు ఆమె హెల్మెట్లు కడిగేది. ఇన్స్యూరెన్సు ఆఫీసు నుంచి సర్వేయరు వచ్చే ముందురోజు ఒకసారి, ఏడాది పొడుగునా అటక మీద పట్టిన దుమ్ము పోవడానికి. అతను చూసి వెళ్ళాక ఇంకోసారి, ఒక్క పూట పెట్టుకున్నందుకే లోపల పట్టిన చెమటా సిమెంటూ పోవడానికి. మొత్తం ఇరవై, అన్నీ పసుపుపచ్చవే. పెరట్లో గోడవారన బోర్లించి ఆరబెడితే మెడ వరకూ నేలలో కూరుకుపోయిన మనుషుల్లా కనిపించేవి. మొదటి ఏడు ఆ పోలిక తట్టి ఒళ్ళు జలదరించింది. తర్వాత్తర్వాత అలవాటైంది. అలవాటు కానిదంటూ ఆ ఇంట్లో ఆమెకి ఏదీ మిగల్లేదు.

హెల్మెట్లతో పాటు రెండు నైలాను వలలు, పది జతల బూట్లు, ఎర్ర అక్షరాలున్న ఒక రేకు బోర్డు కూడా అటక మీదే ఉండేవి. వలలు నానబెట్టి, ఉతికి, ఇద్దరు మనుషులు పట్టి మడతపెట్టాల్సిన వాటిని తానొక్కతే కాలి వేళ్ళతో ఒక కొస తొక్కిపెట్టి మడిచేది. బోర్డుని తడిగుడ్డతో తుడిచి గోడకి ఆనించేది. ఏళ్ళ తరబడి దాన్ని తలకిందులుగా ఆనించిందని తర్వాత తెలిసింది. ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చూసుకుని నవ్వుకున్నారేమో.

ఆయన బిల్డింగు కాంట్రాక్టరు. ఇళ్ళూ, మూడు నాలుగంతస్తుల భవనాలూ కట్టించేవాడు. మేస్త్రీలతో 'భోజనంతో కలిపి కూలి' అని మాట్లాడుకునేవాడు. ఆ భోజనం ఎవరు వండుతారన్నది ఆ మాటల్లో ఎప్పుడూ వచ్చేది కాదు. తెల్లారి లేచి ఇరవై మందికి వండి, గిన్నెలు ఆటోలో పెట్టుకుని మధ్యాహ్నానికి సైటుకి చేర్చి, వడ్డించి, అక్కడే తొట్టె దగ్గర గిన్నెలు తోముకుని ఇంటికి వచ్చేది. వచ్చేసరికి అత్తగారు అరుగు మీద కూర్చుని, "వచ్చావా అమ్మా, షికారు అయిందా?" అనేది. తమాషాకే అనేది. పదకొండేళ్ళు అదే తమాషా.

ఇంతా చేసి ఓనరు ఆమే. వింటే నవ్వొస్తుంది గానీ కాగితాల్లో ఓనరు ఆమే. పదకొండేళ్ళ కిందట ఆయన సొంత పేరు మీద కట్టిస్తున్న ఒక ప్రహరీ గోడ కూలి ఇద్దరు పోయారు. ఆ తర్వాత ఆయన పేరు చెబితే ఏ ఇన్స్యూరెన్సు ఆఫీసూ పాలసీ ఇవ్వనంది. పాలసీ కాగితం చూపించందే పెద్ద పని ఎవరూ చేతికివ్వరు. అప్పుడొక సాయంత్రం టీ తాగుతూ, "నీ పేరు మీద పెడదామే. నీ పేరు కడిగిన పళ్ళెంలా ఉంది, ఒక్క మచ్చ లేదు" అన్నాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన ఆమెని మెచ్చుకున్న మాట అదొక్కటే. దాన్ని ఆమె చాలారోజులు దాచుకుంది. వేలిముద్ర వేస్తే ఆఫీసుల్లో చులకనగా చూస్తారని, మరిది కూర్చోబెట్టి సంతకం నేర్పాడు. ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. ఎక్కడ వంపు, ఎక్కడ చుట్ట, ఎక్కడ చుక్క. అందులో ఏ అక్షరం ఏదో తెలియదు. ఆ బొమ్మ గీసిన ప్రతిసారీ ఆయన, "అయిపోయింది, మా ఓనరు గారు సెలవిచ్చారు" అని పకపకా నవ్వేవాడు. పిల్లలు లేని ఇల్లు. ఆ నవ్వు గోడలకి తగిలి మళ్ళీ వినిపించేది.

ఒకసారి పాలసీ ఏజెంటు ఇంటికి వచ్చాడు. ఆమె టీ పట్టుకెళ్ళేసరికి అతను అడుగుతున్నాడు: "అంతా బాగానే ఉంది గానీ, రేపు ఏదన్నా జరిగితే పోలీసులూ కోర్టులూ?"

"సంతకం ఎవరిదయ్యా? నాదా?" అన్నాడు ఆయన.

ఇద్దరూ గొంతు తగ్గించలేదు. ఆమె గదిలో ఉంటే గొంతు తగ్గించాలన్న ఊహ ఎవరికీ వచ్చేది కాదు. చెరొక గ్లాసూ అందించి ఆమె వంటింట్లోకి వచ్చేసింది. పాలు పొంగి పొయ్యి మీద పడి, కమురు వాసన ముక్కుకి తగిలే దాకా ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టవ్ ఆపి, గట్టు తుడిచి, కూరకి కోసుకుంది. అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆమెకి అక్షరాలు నేర్పింది తట్టలు మోసే మనిషి. ఆ మనిషిని సైటులో అందరూ 'నిచ్చెన' అనేవారు. అంత పొడుగు. ఆరో తరగతి దాకా చదివిందట. "నిచ్చెనా, ఆ పైకప్పు తుడిచి రావే, నీకు బల్ల అక్కర్లేదు" అని మేస్త్రీ ఆటపట్టిస్తే, "నీ బుర్ర కూడా తుడుస్తా, అదీ నాకు అందేంత ఎత్తులోనే ఉంది" అనేది. ఒకరోజు గిన్నెలు తోముతున్న ఆమె దగ్గరికి వచ్చి కూర్చుని, "అక్కా, కాగితాల మీద సంతకాలు చేస్తావంట, చదువుకున్నావా?" అని అడిగింది.

"బొమ్మ గీస్తాను" అంది ఆమె. ఎవరితోనూ ఒప్పుకోని సంగతి ఆ పొడుగు మనిషితో ఎందుకు ఒప్పుకుందో తెలియదు.

"అయితే నేర్పుతా. ఫీజు ఏమీ వద్దు, గిన్నె అడుగున మాడింది పెట్టు. నాకు అదంటే ఇష్టం."

పలక లేదు, పుస్తకం లేదు. సిమెంటు బస్తాల మీద ఉన్నవే అక్షరాలు. భోజనాలయ్యాక అరగంట, ఇసక కుప్ప నీడన. మొదటి ఏడాది విడి అక్షరాలు, రెండో ఏడాది గుణింతాలు. 'తడి తగలనీయరాదు' అన్న రెండు మాటలు కూడబలుక్కోవడానికి ఒక వారం పట్టింది. ఆ ఏడు సర్వేయరు వచ్చే ముందురోజు అటక మీంచి రేకు బోర్డు దించి తుడుస్తుంటే, ఎర్ర అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని తెలిసింది. తిప్పి పెట్టింది. పొయ్యి మీద కూర సంగతి మరిచిపోయి, వేలు పెట్టి చదివింది. 'పైన పని జరుగుతున్నది. కింద నిలబడరాదు.'

జీవితంలో ఎవరి సాయమూ లేకుండా ఆమె చదివిన మొదటి వాక్యం అది. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. తర్వాత ఇంకోసారి చదివింది. రోజూ ఆ కిందే కదా ఆకులు పరిచి అంతమందిని కూర్చోబెడుతోంది. ఈ బోర్డు ఏడాదికి ఒక్క పూట అక్కడ ఉంటుంది. మిగతా రోజులన్నీ తన ఇంటి అటక మీద, ఎవరూ నిలబడని చోట ఉంటుంది.

అక్షరం పట్టుబడ్డాక కళ్ళు ఊరుకోవు. పాలసీ కాగితాలు ఉండేది వంటింట్లోనే, పిండి డబ్బా వెనక, ప్లాస్టిక్ సంచిలో. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదని ఆయన నమ్మకం, అక్కడ తిరిగే మనిషికి చదువు రాదు గనక. ఒక మధ్యాహ్నం ఆ సంచి విప్పింది. పనివాళ్ళ జాబితా అని పైన రాసి ఉంది. ఒకటి నుంచి పంతొమ్మిది వరకూ అంకెలు, అంకెకొక గీత. పద్నాలుగు గీతల మీద పేర్లు, అన్నీ మగవాళ్ళవే. అందులో ఒకడు జ్వరంతో పోయి నాలుగేళ్ళయింది. పదిహేను నుంచి పంతొమ్మిది దాకా గీతలు ఖాళీ. వాటి కింద ఆమె సంతకం, ఆమె గీసిన బొమ్మ.

సైటులో పనిచేసేది ముప్పై నాలుగు మంది. ఆమెకి గిన్నెల కొలత వల్ల తెలుసు. వండేది ఇరవై మందికే అయినా, పేరు లేని మగవాళ్ళకీ, జోడీలుగా వచ్చే ఆడవాళ్ళకీ వడ్డనలో మిగిలింది వెళ్ళేది. మొగుడూ పెళ్ళాలు కలిసి పనికి వస్తే దాన్ని జోడీ అంటారు. కూలి మగవాడి చేతికిస్తారు. జాబితాలో మగవాడి పేరు రాస్తారు. ఆడది అతని వెంట వచ్చినట్టు. నిచ్చెన మొగుడు వేరే పనికని వెళ్ళి రెండేళ్ళయింది, తిరిగి రాలేదు. ఆ పద్నాలుగు పేర్లలో అతని పేరు మాత్రం పదకొండోది.

ఆ పూట ఆయనకి వడ్డిస్తూ అడిగింది. "ఆ కాగితంలో ఐదు గీతలు ఖాళీగా ఉంటాయి కదండీ. మీ తమ్ముడు సంతకం చేయించేటప్పుడు చూశాను. ఎందుకవి?"

ఆయనకి కోపం రాలేదు. పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "ముప్పై నాలుగు మందికీ ప్రీమియం కడితే మనం తినేదేంటే? పంతొమ్మిదికి కడతాం. పద్నాలుగు పేర్లు రాస్తాం. మిగతావాళ్ళలో ఎవరికి ఏమవుతుందో ముందే ఎలా తెలుస్తుంది? జరిగాక రాసుకుంటాం. రంగులేసేవాడు పడినప్పుడు అలాగే రాశాం, వాళ్ళింటికి డబ్బొచ్చింది. ఎవరి పొట్టా కొట్టలేదు నేను."

"ఆరుగురికి జరిగితే?"

"నోరు మంచిగా పెట్టుకో" అన్నాడు, ఈసారి కోపంగానే. ముద్ద కలుపుకుంటూ, "కూర బాగుంది" అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆమెకి వడ్డించడం కష్టమైపోయింది. వరసగా కూర్చున్న మొహాలు చూస్తూ గరిటె పట్టుకుని నడుస్తుంటే, ఆ ఐదు గీతలు కళ్ళ ముందు కదిలేవి. వీడా? ఈ పిల్లా? ఆ ముసలాడా? ఎవరి కోసం నోరు తెరుచుకుని కూర్చున్నాయవి? 'ఇంకొంచెం వెయ్యనా?' అని అడిగి, జవాబు వినకముందే పక్క ఆకు దగ్గరికి జరిగేది. తన పేరు కాగితం మీద ఉంది, పని మీద ఏ అధికారమూ లేదు. వీళ్ళు రోజంతా పని చేస్తారు, కాగితం మీద లేరు. ఈ రెండూ కలిపితే ఆయన వ్యాపారం. ఆ మాట మనసులో అనుకుని తనే ఉలిక్కిపడింది. అంత పెద్ద మాట తన బుర్రలోకి ఎలా వచ్చిందా అని.

మూడో శ్లాబుకి కాంక్రీటు పోస్తున్న రోజు నిచ్చెన కాలు జారింది. చెక్క ర్యాంపు తడిసి నున్నగా ఉంది. తట్ట నెత్తిన ఉన్నవాళ్ళకి హెల్మెట్ పెట్టుకోవడం కుదరదు, తట్ట కింద గుడ్డ కుదురు నిలవదు. తట్ట కింద పడి పగిలింది. నిచ్చెన పరంజా కర్ర ఒకటి పట్టుకుని రెండో అంతస్తు ఎత్తున వేలాడింది. మేస్త్రీ పరుగెత్తి చెయ్యి అందుకుని లాగాడు. కింద ఆకులు పరుస్తున్న ఆమె చేతిలో కట్ట వదిలేసి లేచి నిలబడింది. ఆయన అక్కడే, పది అడుగుల దూరంలో, మరిదితో మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు. తలెత్తి చూశాడు. 'దెబ్బ తగిలిందా?' అనలేదు. 'పట్టుకోండ్రా' అనలేదు. తమ్ముడి వైపు తిరిగి అడిగాడు:

"గీతలున్నాయిగా?"

"ఐదూ ఉన్నాయన్నయ్యా" అన్నాడు మరిది.

నిచ్చెన కిందకి దిగి, చేతులు చంకల్లో దాచుకుని, "నిచ్చెన ఎక్కడైనా జారుతుందా అక్కా, ఆనించినవాడిది తప్పు గానీ" అని నవ్వింది. ఆమె నవ్వలేదు. "నీ అసలు పేరేంటి?" అని అడిగింది. రెండేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి పేరు తనకి తెలియదని అప్పుడే గుర్తొచ్చింది.

మిగతా ఆడవాళ్ళ పేర్లు కూడా ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. మొత్తం ఏడుగురు. ఇద్దరు కింద ఇసక జల్లించేవాళ్ళు, పైకి ఎక్కరు. ర్యాంపు ఎక్కేది ఐదుగురు. గీతలూ ఐదే. పేర్లు లేని మగవాళ్ళు కూడా ఉన్నారు, పరంజా కట్టేవాళ్ళు, రంగులేసేవాళ్ళు. వాళ్ళని ఆమె వదిలేసింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని వదలాలో లెక్క వేస్తూ కూర్చున్నప్పుడు తన ఆలోచన ఆయన ఆలోచనలాగే ఉందని తెలిసింది. అయినా రాసింది. వంటింటి గట్టు మీద, పిండి తుడిచేసి, పెన్ను పిడికిట్లో పట్టుకుని, మూడు మధ్యాహ్నాలు రాసింది. ఆమె అక్షరాలు పెద్దవి. గీత దాటి పైకీ కిందకీ పోయాయి. నిచ్చెన పేరు చివరి గీత మీద రాసి, వెనక్కి జరిగి చూసుకుంది. పైన మరిది రాసిన పద్నాలుగు పేర్లు బుద్ధిగా కూర్చున్నాయి. కింద ఐదూ తట్టలు మోస్తున్నట్టు ఊగుతున్నాయి.

ఆయనకి చెప్పాలనుకుంది. చెప్పలేదు. సర్వేయరు వచ్చి వెళ్ళాక చెబుదాంలే అనుకుంది.

సర్వేయరు వచ్చిన రోజు ఎప్పటిలాగే అన్నీ అమరాయి. వలలు కట్టారు. బోర్డు నిలబెట్టారు. పంతొమ్మిదికి మించిన మగవాళ్ళని పక్క వీధిలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళకి సెలవు, అంటే కూలి లేని రోజు. పంతొమ్మిది మంది నెత్తిన పంతొమ్మిది హెల్మెట్లు, సర్వేయరు నెత్తిన ఇరవయ్యోది. అతనికి జలుబు. చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుంటూ చకచకా ఫొటోలు తీశాడు. ఎప్పుడూ అతను ఎంతమంది అన్న అంకె మాత్రం రాసుకుని వెళ్ళేవాడు, జాబితా ఇంట్లోనే ఉండిపోయేది. ఆయన ఫోను మాట్లాడుతూ గేటు దాకా వెళ్ళాడు. ఆమె రేకుల షెడ్డులో టీ గ్లాసుతో పాటు సంచిలోంచి కాగితం తీసి ముందు పెట్టింది.

"దీని మీద ఒక ముద్ర వేసివ్వండి సారూ. ఫొటో కూడా తీసుకోండి."

అతను చూశాడు. "కింద పేర్లు ఎవరు రాశారమ్మా? కోడి కెలికినట్టుంది."

"ఓనరు రాసిందండీ."

"ఓనరంటే?"

"నేనే."

అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "ఆడవాళ్ళు కనబళ్ళేదే?"

"ఈరోజు సెలవండీ."

ఏదో అనబోయాడు. తుమ్మొచ్చింది. తుమ్మి, ముద్ర తీసి, కాగితం మీద రెండు చోట్ల కొట్టి, ఫోనుతో ఫొటో తీసుకుని, టీ తాగేశాడు. ఆయన తిరిగి వచ్చేసరికి సంచి మళ్ళీ గిన్నెల బుట్టలో ఉంది.

రెండు రోజులు గడిచాయి. చెబుదామనుకోవడం, మాట గొంతు దాకా రావడం, ఆయన ఫోను మోగడం. మూడోరోజు పొద్దున ఆయన చెప్పులు తొడుక్కుంటూ తల్లితో చెబుతున్నాడు, శ్లాబు కింద జాకీలు ఇవాళ తీయించేస్తానని, ఎల్లుండికి పై అంతస్తుకి కావాలని. జాకీలంటే పచ్చి శ్లాబుని కింద నుంచి మోసే ఇనప గుంజలు. శ్లాబు గట్టిపడే దాకా వాటిని కదపకూడదు.

"మేస్త్రీ ఇంకో వారం ఉండాలన్నాడు కదండీ?" అంది ఆమె వంటింటి గుమ్మంలోంచి.

ఆయన ఆగాడు. మొహం మీద అల్లరి నవ్వు. "మేస్త్రీ ఓనరా, నువ్వు ఓనరా? చెప్పండి ఓనరు గారూ. తియ్యమంటారా, వద్దంటారా?"

అత్తగారు కూడా నవ్వింది.

"వద్దు" అంది ఆమె.

అప్పుడు ఎవరూ నవ్వకపోయి ఉంటే ఎలా ఉండేదో. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, విన్నావా? ఆర్డరు వేసింది!" అంటూ మెట్లు దిగాడు. ఓనరుగా ఆమె ఇచ్చిన ఆర్డరు అదొక్కటే.

ఆ రోజు వంట త్వరగా పంపేసి, హెల్మెట్లు కడగడానికి ఇంట్లో ఉండిపోయింది. పెరట్లో వరసగా బోర్లించింది. వలలు ఉతికి తీగ మీద వేసింది. రేకు బోర్డు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర అక్షరాల సందుల్లో ఇరుక్కున్న సిమెంటుని గోటితో గీకుతోంది. ఎండ చుర్రుమంటోంది. వీధి ఎందుకో చప్పుడు లేకుండా ఉంది. అత్తగారు లోపల్నుంచి, "ఫోను మోగుతోంది చూడమ్మా" అని కేకేసింది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆగింది. మళ్ళీ.

జాకీలు తీయడానికి మేస్త్రీ ఒప్పుకోలేదట. మనుషులు కూడా వెనకాడారట. "పిరికి సన్నాసుల్లారా, నేనే తీస్తా చూడండి" అని ఆయనే సుత్తి తీసుకుని కిందకి వెళ్ళాడట. నాలుగోది కొట్టేసరికి అంతా ఒక్కసారే దిగిపోయింది. ఆయన నెత్తిన ఏమీ లేదు, అక్కడికక్కడే పోయాడు. బయట ర్యాంపు మొదట్లో ఇటుకలు ఎత్తుకుంటున్న నిచ్చెన కాళ్ళ మీద దూలం ముక్క పడింది. ఒక కాలు మోకాలి కింద తీసేశారు.

వారం తిరక్కుండానే మరిది వచ్చి పిండి డబ్బా వెనకనుంచి సంచి తీశాడు. కళ్ళు వాచి ఉన్నాయి. అన్నని ప్రేమించినవాడే అతను. కాగితం విప్పాడు. తిప్పి చూశాడు. మళ్ళీ ఇటు తిప్పాడు.

"గీతలేవి వదినా?"

"నిండాయి."

చాలాసేపు ఆ పేర్లు చదువుకున్నాడు. తర్వాత కోపం లేకుండా, బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. "ఆ సర్వేయరు ఫొటో ఇంకా ఆఫీసులో ఎక్కించలేదంట. గుమాస్తా మనవాడే, ఒక్క క్లెయిమైతే దాటిస్తానన్నాడు. కొత్త కాగితం రాసుకొచ్చాను. ఈ పొడుగామె గీత మీద అన్నయ్య పేరు రాశాను, సూపర్‌వైజర్ అని. ఒక్క సంతకం చెయ్యి చాలు. దానిది కాలు, వదినా. అన్నయ్యది ప్రాణం. రేపు నీమీద కేసు నడుస్తుంది. లాయరుకి ఎక్కణ్ణుంచి తెస్తావు? ఈ ఇల్లు నిలుస్తుందా?"

అతను చెప్పినవన్నీ నిజాలే. పోలీసులు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళారు, ఓనరు ఎవరని. ఆమె పెన్ను ముట్టుకోలేదు. అప్పుడు అత్తగారు మంచం మీంచి లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, ఆ కాగితం వైపు చూసింది. ఆమెకీ చదువు రాదు.

"ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ రాశావు. నా కొడుక్కి ఒక్క గీత మిగల్చలేదా తల్లీ?"

ఆమె కూడా కాగితం వైపు చూసింది. ఆ గీతలు ఆయనే వదిలాడు, పడేవాళ్ళ కోసం. ఎవరు పడతారని వెతికినప్పుడల్లా చూపు ఎప్పుడూ కింద కూర్చుని తినేవాళ్ళ మీదికే పోయింది, ఆయనదీ, ఆమెదీ. ఆయన పడతాడని ఆయనా అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఐదు పేర్లు రాసిన మూడు మధ్యాహ్నాల్లో ఒక్కసారి, ఒక్కసారైనా, మొగుడి పేరు గుర్తొచ్చిందా అని ఆమె తనని తను ఎన్నిసార్లు అడిగిందో. రాలేదు. అది పాపమో కాదో ఆమెకి తెలియదు.

ఇన్స్యూరెన్సు ఆఫీసు నుంచి విచారణకి మనిషి వచ్చాడు. ఈసారి జలుబు లేనివాడు. ముందు గదిలో కూర్చుని ఒక ఫారం తీశాడు. ఓనరు తన చేత్తో నింపాలని చెప్పాడు. మరిది పక్కనే కూర్చున్నాడు, కొత్త కాగితం చొక్కా జేబులో మడిచి ఉంది. అత్తగారు గుమ్మంలో నిలబడింది. ఆమె పెన్ను పిడికిట్లో పట్టుకుని వేలు పెట్టి ఒక్కొక్క ప్రశ్నా చదువుకుంది. అందరూ ఆమె పెదాల కదలిక చూస్తున్నారు. గాయపడినవారి పేరు. నిచ్చెన అసలు పేరు రాసింది. జాబితాలో ఎన్నో సంఖ్య. పంతొమ్మిది అని రాసింది. మరిది నెమ్మదిగా కళ్ళు మూసుకున్నాడు.

తర్వాతి ప్రశ్న దగ్గర ఆగింది. చనిపోయిన వ్యక్తికి ఈ పనితో ఉన్న సంబంధం.

"సూపర్‌వైజర్" అని మరిది గొణిగాడు. "ఇప్పటికైనా ఆ ఒక్క మాట రాయి వదినా. నీకు దణ్ణం పెడతా."

పెరట్లో హెల్మెట్లు అలాగే బోర్లించి ఉన్నాయి, ఎవరూ లోపలికి తేలేదు. కిటికీలోంచి కనిపిస్తున్నాయి. ఆమె వాటిని చూసింది. ఒక్కో అక్షరాన్నీ లోపల పలుక్కుంటూ, గీత దాటకుండా, ఎన్నడూ రాయనంత తిన్నగా రాసింది.

'ఓనరు భర్త.'

కింద సంతకం చేసింది. ఈసారి బొమ్మ గీయలేదు. అక్షరాలు రాసింది.

ఇట్లు,
సైటులో వాళ్ళు ఓనరమ్మ అని పిలిచే మనిషి. వయసు యాభై తొమ్మిది. ఇల్లు అమ్మేశాము, కేసు ఇంకా నడుస్తోంది, పిలిచినప్పుడల్లా వెళ్ళి వస్తున్నాను. ప్రస్తుతం ఉండేది నిచ్చెన ఇంటి వెనక గదిలో, మెట్ల కింద. తప్పులు ఆమే దిద్దింది. దిద్దగా మిగిలినవి నావి.